గణములు, చుక్కలు, గీతలు

బిలాస్‌పూరు రైల్వే కాలనీలలోను, వాటి చేరువనున్న తోర్వావంటి పేటలలోను తెలుగు వినబడుటకు మూలకారణము రైలుమార్గమే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపూరును ఆసన్‌సోలుతో గలుపుటచే బిలాస్‌పూరు ప్రధానమైన కూడలియయ్యెను. 1902లో కటకమునకు దక్షిణముగా వాల్తేరు వరకు గల తీరమార్గము ఆ కంపెనీకే సంక్రమించుటతో, ఉత్తరాంధ్రమునుండి ఉద్యోగార్థులు ఛత్తీస్‌గఢ సీమకు తరలివచ్చుట సుకరమయ్యెను.

ఆ కాలమున రైలునకు ఇనుపపట్టాలెంత అవసరమో, వాని వెంబడి సాగిన టెలిగ్రాఫు తీగయు అంత అవసరము. సిగ్నలరు పని నేర్వవచ్చినవాడు మోర్సు లిపి నభ్యసింపవలెను. మొదట చుక్కలను, గీతలను ఒక్కొక్కటిగా లెక్కించుచు వెనుకబడిపోవువాడు, చెవి కుదిరిన పిమ్మట లెక్కించుట మాని, అక్షరమును ఒకే నాదముగా, తరువాత మాటనే ఒకే లయగా గ్రహించును. ఈ పరివర్తనమే ఆ విద్యలోని సారము. 2013 జూలైలో మన దేశమున తంతివార్తల సేవ ముగిసినది గాని, అల్పమైన గుర్తులలో అధికమైన అర్థమును పట్టియుంచు విద్య ముగియలేదు. అది తంతితో పుట్టినదియు కాదు.

ఛందస్సు చదివిన తెలుగువానికి మోర్సు పట్టికలో పరిచయమైన ముఖములు కానవచ్చును. చుక్కను లఘువుగను, గీతను గురువుగను గైకొన్నచో, మూడేసి గుర్తులు గల ఇంగ్లీషు అక్షరములు సరిగా ఎనిమిది. మన త్ర్యక్షరగణములును ఎనిమిదియే. డబ్ల్యూ యగణము, ఓ మగణము, జీ తగణము, కే రగణము, ఆర్ జగణము, డీ భగణము, ఎస్ నగణము, యూ సగణము. సముద్రమధ్యమున ఆపన్నమైన ఓడ పంపుచుండిన సంకేతము నగణ మగణ నగణములే! గీత మూడు చుక్కలంత దీర్ఘము, గురువు రెండు మాత్రలే యను భేదమున్నను, రెండు గుర్తులను మూడు స్థానములలో నిలుపు మార్గములు ఎనిమిదికి మించవు గనుక, ఈ సామ్యము కాకతాళీయము కాదు, గణితము. పింగళుడు ఛందశ్శాస్త్రమున ప్రస్తారమును సూత్రించినది ఈ గణితమునే.

ఈ ఎనిమిదింటిని మన బడులలో కంఠస్థము చేయించుటకు సాధనము ‘యమాతారాజభానసలగం’ అను పది అక్షరముల సూత్రము. మొదటి ఎనిమిదింటిలో ఏ అక్షరమునుండి యైనను వరుసగా మూడింటిని గ్రహించినచో, ఆ అక్షరము పేరిటి గణమే లభించును. లఘువునకు 0, గురువునకు 1 వ్రాసిన ఈ సూత్రము 0111010001 అగును. ఇందు మూడేసి అంకెల వరుసలన్నియు ఒక్కొక్కమారు మాత్రమే వచ్చును. ఇరువది నాలుగు గుర్తుల పట్టిక పదింటిలో ఇమిడిపోయినది. ఇంతకంటె పొందికయైన రచన నాకు మరియొకటి తెలియదు.

1950 దశకపు ఉత్తరార్ధమున హార్వర్డులో పాఠములు చెప్పుచుండిన కెనెత్ ఐవర్సనుకు ఇట్టి పొందికయే కావలసివచ్చినది. గణనవిధానములను నల్లబల్లపై స్పష్టముగా వ్రాయుటకు ఆయన కల్పించిన సంకేతములు 1962లో గ్రంథరూపమున వెలువడి, ఆ గ్రంథనామమును బట్టియే ఏపీఎల్ అని ప్రసిద్ధి చెంది, 1966లో యంత్రముపై నడచినవి. మన రైల్వేలు ఐబీయం 1401 యంత్రములను తెప్పించుకొని లెక్కలు గట్టుచుండిన 1960 దశకముననే, అదే ఐబీయం సంస్థలో ఐవర్సను ఒక్కొక్క సంఖ్యను విడిగా పిలువనక్కరలేని భాషను తీర్చుచుండెను. అందు సంఖ్యల వరుస యంతయు, పట్టిక యంతయు ఒకే వస్తువు. ఒకటినుండి నూరు వరకు గల సంఖ్యలను కూడుటకు నూరంకెకు ముందు మూడు గుర్తులు చాలును.

క్రొత్తగా నేర్చువానికి ఈ భాష కఠినముగా తోచుట సహజము. గుణకారమునకు కూడికకంటె ప్రాధాన్యములేక, సమస్తమును కుడినుండి ఎడమకు సాగును గనుక, మూడింటిని రెండుచే గుణించి నాలుగు కలుపునట్లు వ్రాసిన వాక్యము పదికి బదులు పదునెనిమిది నిచ్చును. అయినను ఆ కాఠిన్యము చుక్కలు లెక్కించు తొలిదినముల సిగ్నలరు కాఠిన్యమువంటిదేయని నా నిశ్చితాభిప్రాయము. గుర్తులు నాలుగుదినములు మననము చేయక, అర్థము కాని లిపియని ఈ భాషను త్యజించువారు విద్యకు అన్యాయము చేయుచున్నారు. సంకేతము ఆలోచనకు పరికరమను విషయముపైననే ఐవర్సను 1979లో ట్యూరింగు పురస్కార సందర్భమున ప్రసంగించెను.

ఆయన రోజర్ హ్యూయితో గూడి 1990లో వెలువరించిన ‘జే’ అను భాషలో, సాధారణమైన టైపు మీటలతోనే వ్రాయుటకు వీలుగా, వింత గుర్తులను తొలగించెను. అందు మూడంకె వేసి, దాని ప్రక్కన ఒక కుడి చతురస్ర కుండలీకరణమును, ఒక వెనుకవాలు గీతను (బ్యాక్‌స్లాషును) ఉంచి, పిమ్మట యమాతారాజభానసలగపు పది అంకెలను విడివిడిగా వ్రాసినచో, యంత్రము ఎనిమిది గణములను ఎనిమిది పంక్తులుగా పరచును. తోర్వాలోనేమి, తెనాలిలోనేమి, ఈ భాషలను నేర్వగోరు తెలుగు విద్యార్థికి తొలిపాఠముగా నేను నిర్దేశించునది ఈ ఒక్క పంక్తియే. యగణము మొదలు సగణము వరకు అన్నియు వచ్చినవో లేవో వాడు తన నోటితోనే సరిచూచుకొనగలడు.