పదమూడో రొట్టె ఎవరిది?

ఇంగ్లీషువాళ్లకు డజను అంటే పన్నెండే. 'బేకర్స్ డజన్' అంటే మాత్రం పదమూడు. రొట్టెలే కానక్కర్లేదు, ఒక సంపుటిలో పదమూడు కథలున్నా ఆ మాట వాడతారు. ఒక అనువాదంలో నేను దాన్ని 'ఓ డజను' అని రాసేశాను. తప్పు తెలిశాక, ఆ ఎక్కువ ఒకటి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతకడం మొదలుపెట్టాను.

అందరూ చెప్పే జవాబు భయం. ఇంగ్లండులో 1266 నాటిదిగా చెప్పే రొట్టెల చట్టం ఒకటుండేది. తూకం కాస్త తగ్గితే జరిమానా, మరీ తగ్గితే నడిబజారులో కొయ్యకు మెడా చేతులూ బిగించి నిలబెట్టడం. ఎందుకొచ్చిన గొడవని రొట్టెలవాళ్లు డజనుకు ఒకటి ఎక్కువ వేసేవారట.

చట్టంలోని లెక్క చూశాక ఈ జవాబు నాకు మింగుడుపడలేదు. అందులో రొట్టె ధర మారదు, బరువే మారుతుంది. గోధుమలు ప్రియమైతే అదే ఫార్దింగుకు, అంటే పావు పెన్నీకి, చిన్న రొట్టె వస్తుంది. ఆ బరువును కూడా నాణేల్లోనే చెప్పారు: క్వార్టరు అనే కొలతకు గోధుమలు 12 పెన్నీలకు దొరికేటప్పుడు ఫార్దింగు తెల్లరొట్టె 6 పౌన్ల 16 షిల్లింగుల ఎత్తు తూగాలి. మన దగ్గర వెండి రూపాయి ఎత్తు తులమైనట్టే. ఇంతకీ తక్కెడలో పడేది ఒక్కో రొట్టె, డజను కాదు. రొట్టె తేలిపోతే పక్కన పదమూడోది ఉన్నా శిక్ష తప్పదు కదా!

అసలు ఆధారం లండన్ నగర గుమస్తా జాన్ కార్పెంటర్ 1419లో కూర్చిన 'లైబర్ ఆల్బస్' అనే నగర కట్టుబాట్ల పుస్తకంలో ఉంది. రొట్టెలవాళ్ల దగ్గర కొని ఇంటింటికీ తిరిగి అమ్ముకునే ఆడవాళ్లు అందులో కనిపిస్తారు. వాళ్లది మారుబేరం. ధరను చట్టం కట్టేసింది కాబట్టి పైన ఒక్క ఫార్దింగు వేసుకోవడానికి లేదు. మరి వాళ్లకు మిగిలేదేమిటి? మొదట్లో రొట్టెలవాళ్లు వాళ్లకు సోమవారం బోణీ పేరుతో 6 పెన్నీలు, శుక్రవారం మర్యాద పేరుతో 3 పెన్నీలు ఇచ్చేవారు. ఆ సొమ్ము రొట్టెలోనే పెట్టి జనానికి మేలు చేయమని నగరం ఆ అలవాటును ఆపించింది. ఇక వాళ్లకు నిలిచింది పన్నెండు రొట్టెల ధరకు పదమూడు రొట్టెలు.

అలాంటి ఒకామె బుట్టలోకి ఒకసారి తొంగిచూడండి. రొట్టెలవాడికి 12 ఫార్దింగులు, అంటే 3 పెన్నీలు కట్టింది. పదమూడు గుమ్మాలు తిరిగి 13 ఫార్దింగులు తెచ్చుకుంది. ఆ ఒక్క ఫార్దింగే ఆమె కూలి. ఒక్క రొట్టె అమ్ముడుపోక ఎండిపోతే అదీ లేదు.

మన కొసరు కొనుక్కుని తినేవాళ్ల చేతికొస్తుంది. ఈ పదమూడోది తిరిగి అమ్మేవాళ్లది. అందుకే భయం కథకన్నా ఈ మారుబేరం కథే నాకు నిజమనిపిస్తుంది. 'బేకర్స్ డజన్' అన్న మాట రాతలో కనబడేది 16వ శతాబ్దం చివర్లో. ఆ పద్ధతి అప్పటికే ఎంతో పాతది.

ఇప్పుడు మామూలు చోట్ల 'పదమూడు' అనే రాస్తున్నాను. రొట్టెల ఊసు ఉన్నచోట మాత్రం 'మారుబేరపు డజను' అని రాస్తున్నాను.