బీటిల్స్‌కు ముందు పదేళ్లు

సితార్ విద్వాంసుడు రవిశంకర్‌కు ప్రపంచ ఖ్యాతి ఎలా వచ్చిందని అడిగితే తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటే: బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ శిష్యుడయ్యాడు, ఆ దెబ్బతో గురువుగారి పేరు సముద్రాలు దాటింది. కథ బాగానే ఉంది, తేదీలే ఒప్పుకోవు. హారిసన్ ఆయన్ని లండన్‌లో కలిసింది 1966 జూన్‌లో. అదే ఊళ్లో రవిశంకర్ ‘త్రీ రాగాస్’ రికార్డు చేసింది 1956లో. మధ్యనున్న పదేళ్ల సంగతి అడిగేవాళ్లు తక్కువ.

అంతకు ముందరి దశలు తెలిసినవే. 1910లో సంగీత విద్వాంసుడు ఇనాయత్ ఖాన్ అమెరికా వెళ్లాడు. 1923లో నర్తకుడు ఉదయ్‌శంకర్ అన్నా పావ్లోవాతో కలిసి లండన్‌లో నర్తించాడు, 1931లో పారిస్‌లో సొంత బృందాన్ని వేదిక ఎక్కించాడు. ఆ బృందంలో అన్నగారి వెంట తిరిగిన కుర్రాడే రవిశంకర్. అప్పటి ప్రేక్షకులు ముచ్చటపడింది చాలావరకు నగలు చూసి, వేషాలు చూసి. సంగీతం నాట్యానికి తోడు మాత్రమే.

సంగీతం తన కాళ్లమీద తాను నిలబడింది 1950లలో. అందులో పెద్ద వాటా ఎల్పీ రికార్డుదని నా నమ్మకం. పాత 78 చుట్ల రికార్డు ఒక పక్కకు మూడు, నాలుగు నిమిషాలే పట్టేది. ఆలాపన ఊపందుకునేలోపే సూది చివరికొచ్చేది. 1948లో అమెరికాలో వచ్చిన ఎల్పీ ఒక పక్కకు ఇరవై నిమిషాల పైచిలుకు ఇచ్చింది. మన రాగాన్ని ఇంట్లో కూర్చుని తీరిగ్గా వినే వీలు పరదేశి శ్రోతకు అప్పటికిగానీ దొరకలేదు.

ఈ దారిలో ముందు నడిచింది రవిశంకర్ కూడా కాదు. 1952లో మన దేశానికి వచ్చిన వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ ఢిల్లీలో ఆయన వాద్యం విని ముగ్ధుడయ్యాడు. 1955లో న్యూయార్క్‌కు పిలిస్తే, సొంత ఇబ్బందులవల్ల రవిశంకర్ కదల్లేకపోయాడు. బదులుగా వెళ్లిన అలీ అక్బర్ ఖాన్ సరోద్ అక్కడ ఎల్పీకి ఎక్కింది. దానిలో మెనుహిన్ స్వయంగా పరిచయ వాక్యాలు పలికాడు. మరుసటి ఏడు రవిశంకర్ ఆకాశవాణి కొలువు వదిలి విదేశీ పర్యటనకు బయల్దేరాడు. ‘త్రీ రాగాస్’ అమరికే చూడండి. ఒక పక్కంతా జోగ్, సుమారు ఇరవై ఎనిమిది నిమిషాలు. రెండో పక్క అహిర్ భైరవ్, దాని తర్వాత మనకు 57వ మేళకర్తగా తెలిసిన సింహేంద్రమధ్యమం, పదకొండు నిమిషాల చిల్లర. కొత్త శ్రోత ఓపిక ఎంతో తూచి పేర్చినట్టుంటుంది. పారిస్‌లో పెరిగినవాడికి ఆ అంచనా అబ్బడం వింతేమీ కాదు.

తర్వాత లాస్ ఏంజెలెస్‌లో రిచర్డ్ బాక్ నడిపిన వరల్డ్ పసిఫిక్ కంపెనీ ఆయన రికార్డులు వేసింది. అది జాజ్ అభిమానుల అడ్డా. అలా విన్నవాళ్లలో ఒకడైన జాన్ కోల్ట్రేన్ 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఆ కంపెనీ స్టూడియోలోనే పాటలు చేసుకుంటున్న బర్డ్స్ అనే రాక్ బృందానికి సితార్ రుచి తెలిసింది. వాళ్లలో డేవిడ్ క్రాస్బీ 1965లో హారిసన్ చెవిన రవిశంకర్ పేరు వేశాడు. లెక్క తిరగబడింది చూశారా: హారిసన్ ఆ ఖ్యాతిని పుట్టించినవాడు కాడు, అది వెతుక్కుంటూ వెళ్లి పట్టుకున్నవాళ్లలో ఒకడు.

అలాగని ఎల్పీ ఒక్కటే చాలునంటే అన్యాయమవుతుంది. అదే యంత్రం, అదే మెనుహిన్ అండ ఉన్న అలీ అక్బర్‌కు ఆ స్థాయి జనాదరణ దక్కలేదు. తాళం లెక్కను ఇంగ్లీషులో విప్పి చెప్పగల నేర్పు, వేదిక మర్యాదలు తెలిసి ఉండటం రవిశంకర్ సొత్తు. చిన్న హాళ్ల నుంచి పెద్ద మైదానాలకు తీసుకెళ్లింది మాత్రం నిస్సందేహంగా బీటిల్సే. ఆ గుంపులో ఆయనకు దక్కిందేమిటో 1971 ఆగస్టు 1న తేలింది. బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం న్యూయార్క్‌లో జరిగిన కచేరీలో, తీగలు శ్రుతి చేసుకోవడం పూర్తికాగానే జనం చప్పట్లు కొట్టేశారు.

మన కాలపు ఖ్యాతి నేరుగా ఆ మైదానంలోనే దిగుతోంది. 2023 మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు నేనూ పొంగిపోయాను. కానీ కీరవాణి 1990 నుంచి కట్టిన బాణీలనో, చంద్రబోస్ రాసిన మిగతా పాటలనో ఆ మోజు వెతుక్కుంటూ వెళ్లిన జాడలు నాకైతే కనబడలేదు. పాట అడుగులు నేర్చుకున్నవాళ్లున్నారు, భాష దాకా వచ్చినవాళ్లు అరుదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ దారి వేరు. 1983లో, పద్నాలుగేళ్లకే బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించి, కృతులతోనే అక్కడి శ్రోతల్ని సంపాదించుకున్నాడు; ఆ తర్వాతే గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్ నడిపిన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో చేరాడు. దానికి మూలమైన పాత శక్తి బృందానికే 2024లో గ్రామీ దక్కితే పత్రికలు మెరుపు విజయమన్నాయి. వాళ్ల మొదటి ఎల్పీ 1976లో వచ్చింది.