పాప్లరు కౌన్సిలు నుండి పార్లమెంటుకు: జార్జి లాన్స్‌బరీ

విశ్వాసికి రాజకీయములెందుకని మన సంఘములలో కొందరు పెద్దలు అడుగుతుంటారు. లండను తూర్పున పాప్లరు అనే పేదల పేటలో జీవించిన ఆంగ్లికన్ విశ్వాసి జార్జి లాన్స్‌బరీ (1859–1940) చరిత్ర వారు వినదగినది.

1893లో పేదల పోషణ బోర్డుకు ఎన్నికై, ఆశ్రమములో వడ్డించే జావను చూడబోతే అందులో ఎలుక పెంటికలు తేలుతున్నాయి! ఆయన రాజకీయమునకు ఆ గిన్నెయే పాఠశాల అనుకుంటాను. 1903లో కౌన్సిలరు, 1910లో పార్లమెంటు సభ్యుడు. 1912లో స్త్రీల ఓటుహక్కు కొరకు పదవి వదలి, అదే ప్రశ్నపై తిరిగి పోటీచేసి ఓడిపోయారు. మరల పార్లమెంటులో అడుగుపెట్టడానికి పదేళ్లు పట్టింది.

అసలు కార్యము ఆ పదేళ్లలోనే జరిగింది. 1919లో పాప్లరు మేయరయ్యారు. ఆనాడు ఏ పేటలోని నిరుద్యోగుల భారమును ఆ పేటవారే మోయాలి. పేదలెక్కువైన చోట పన్నులూ ఎక్కువ. ధనికుల పేటలకు ఆ బాధ లేదు. ఇది అన్యాయమని 1921లో పాప్లరు కౌన్సిలు, లండను కౌంటీకి చెల్లించవలసిన పన్ను వసూలు చేయ నిరాకరించింది. లాన్స్‌బరీతో సహా 30 మంది కౌన్సిలర్లు చెరసాలకు వెళ్లారు. కౌన్సిలు సమావేశములు బ్రిక్స్‌టన్ జైలులోనే జరిగాయి! ఆరు వారాలకు విడుదలయ్యారు. పేదల భారమును లండనంతటికీ పంచే చట్టము ఆ ఏడే వచ్చింది. అయిదుగురు స్త్రీ ఖైదీలలో ఆయన కోడలు మిన్నీ ఒకరు. విడుదలైన మూడు నెలలలోపే ఆమె కన్నుమూసింది.

1925లో మన దేశ స్వపరిపాలన బిల్లును బ్రిటిషు పార్లమెంటులో ప్రవేశపెట్టినది ఈయనే. 1932లో లేబరు పార్టీ నాయకుడయ్యారు. యుద్ధము క్రీస్తు మార్గము కాదని పట్టుబట్టి 1935లో ఆ పదవినీ విడిచారు. హిట్లరు కాలములో ఆ పట్టుదల సరియేనా అని నాకు సందేహమే. ఆయన ఓటర్లు మాత్రం మరణము వరకు ఆయననే తమ సభ్యునిగా ఉంచుకున్నారు.