పేరు పెట్టని ఒప్పుకోలు: చిలకలగూడలో స్వలింగ ప్రేమ, విశ్వాసం, కాగితాలు

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై తీర్పు చెప్పింది. ఇష్టపడి కలిసిన ఇద్దరు వయోజనుల ప్రేమ ఇక నేరం కాదంది. ఎనిమిది రోజుల తర్వాత, సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి బయట పెరుమాళ్ళ ప్రణయ్‌ను నరికి చంపారు. అతను దళిత క్రైస్తవుడు. పెళ్ళి చేసుకున్నది వైశ్య కులం అమ్మాయిని. రెండు వార్తలూ ఒకే నెలలో వచ్చాయి గానీ వాటిని కలిపి చదివినవాళ్ళు తక్కువ. మొదటిది ఇంగ్లిషు చదువులవాళ్ళ విషయమనీ, రెండోది కులం విషయమనీ వేర్వేరు అరల్లో పెట్టేశాం. ఎవరు ఎవరితో బతకాలో తేల్చే హక్కు ఇంటిపెద్దలదీ కులానిదీ అయినచోట స్వలింగ ప్రేమ దళితుల ప్రశ్న కాకుండా ఎలా పోతుంది? 1936లోనే అంబేడ్కర్ కుల నిర్మూలనకు అసలు మందు కులాంతర వివాహమేనన్నాడు. పెళ్ళిని ఇంటి లోపలి వ్యవహారంగా కాక రాజకీయంగా చూడటం మనకు కొత్తేమీ కాదు.

దీన్ని దగ్గరగా చూడటానికి చిలకలగూడ మంచి చోటు. సికింద్రాబాద్ స్టేషన్ పక్కనే ఉన్న పాత బస్తీ. ఒకవైపు సీతాఫల్‌మండి, ఇంకోవైపు వారాసిగూడ, మెట్టుగూడ. రైల్వే క్వార్టర్లు, ఒక్క గది పోర్షన్లు. లాలాగూడ వర్క్‌షాపు, రైల్ నిలయం చుట్టూ తరాలుగా పెరిగిన కుటుంబాలు. చౌరస్తా దగ్గర కట్టమైసమ్మ గుడి ఉంది. చర్చి గంటా, మసీదు అజా కూడా గల్లీలోకి వినిపిస్తాయి. ఇలాంటి బస్తీలో గోడలు పలుచన. ఎవరింట్లో ఏం కూర వండారో పక్కింటికి తెలుస్తుంది, ఎవరు ఎవరితో ఉంటున్నారో కూడా తెలుస్తుంది. అంటే ఇక్కడ 'బయటపడటం' అనేది పెద్ద ప్రకటనలా జరగదు. అందరికీ తెలిసే ఉంటుంది, ఎవరూ అనరు.

ఇద్దరు ఆడవాళ్ళు గది అడిగితే ఇంటావిడ వేసే మొదటి ప్రశ్న "మీరెవరమ్మా?" అంటే కులం. రెండోది "పెళ్ళిళ్ళు కాలేదా?" అక్కాచెల్లెళ్ళమనో, ఒకేచోట పని చేస్తామనో చెబితే రెండోది అక్కడితో ఆగుతుంది. మొదటిది ఆగదు. ఇద్దరు మగవాళ్ళకైతే 'బ్యాచిలర్లకు ఇవ్వం' అన్న బోర్డు ముందే ఉంటుంది. గది దొరికాక నెమ్మదిగా సర్దుబాటు మొదలవుతుంది. నల్లా నీళ్ళ దగ్గర ఒకరి బిందె ఇంకొకరు పట్టడం, పండగకు రెండు ఇళ్ళ నుంచీ గిన్నె రావడం, పిల్లలు ఇద్దరినీ 'పిన్నీ' అనడం. దీన్ని తక్కువ చేయలేం. కానీ ఈ ఒప్పుకోలుకు ఒక షరతు ఉంది: పేరు పెట్టకూడదు. పేరు పెట్టిన రోజు అదే బస్తీ వేరుగా మాట్లాడొచ్చు.

పేర్ల సంగతీ చూడాలి. తెలుగు పత్రికలు ఇప్పటికీ 'స్వలింగ సంపర్కులు' అని రాస్తాయి. మనిషి మొత్తాన్ని పడకగదికి కుదించే మాట అది. మగా ఆడా ప్రేమించుకుంటే 'ప్రేమికులు', వీళ్ళు మాత్రం 'సంపర్కులు'! తెలుగు బైబిలు కొరింథీయుల మొదటి పత్రికలో 'ఆడంగితనము', 'పురుషసంయోగులు' అన్న మాటలు వాడింది. గల్లీలో నడక మెత్తగా ఉన్న పిల్లాడిని ఏడిపించే 'ఆడంగి', పుల్పిట్ మీద పాపంగా చదివే మాటా ఒకే వేరు నుంచి వచ్చాయి. ఆ పిల్లాడు ఆదివారం చర్చిలో కూర్చుని ఏం వింటున్నాడో ఊహించుకోవచ్చు.

మన సమాజంలో ఆ పిల్లాడికి చర్చి వదిలెయ్యమని చెప్పడం తేలిక. మాల, మాదిగ కుటుంబాలకు చర్చి ఒట్టి నమ్మకం కాదు. అక్షరం, పేరు, కుర్చీలో కూర్చునే హక్కు, చివరికి సమాధి స్థలం కూడా అక్కడి నుంచే వచ్చాయి. క్వయిర్ వదిలితే పాట పోతుంది, స్త్రీల సమాజం వదిలితే తల్లికి తోడు పోతుంది. అందుకే చాలామంది వదలరు. వాళ్ళకు దాచుకుని బతకడమూ కొత్త కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకు బయట ఉన్నవాళ్ళను షెడ్యూల్డ్ కులాలుగా గుర్తించదు. కాబట్టి సర్టిఫికెట్‌లో ఒక పేరు, బాప్తిస్మంలో ఒక పేరు పెట్టుకున్న ఇళ్ళు తెలుగు నేలంతా ఉన్నాయి. ప్రభుత్వమే రెండు పేర్లతో బతకమన్న మనిషి మూడో నిజాన్ని కూడా మడిచి పెట్టుకుంటే దాన్ని పిరికితనం అనడం అన్యాయం.

సంస్థలుగా చర్చిల కదలిక నెమ్మది. 2023 డిసెంబరు 18న వాటికన్ ఒక ప్రకటనతో స్వలింగ జంటలను ఆశీర్వదించేందుకు గురువులకు అనుమతినిచ్చింది. పెళ్ళి తంతులా కనిపించకూడదన్న షరతు కూడా పెట్టింది. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల అంథోని 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు, ఆ హోదా పొందిన తొలి దళితుడు ఆయనే. ఒక గోడ పడితే పక్క గోడ దానంతటదే పడదని ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. ఇక 'దయ్యం పట్టింది' అని ఉపవాస ప్రార్థనలకు, కౌన్సెలింగ్‌కు ఈడ్చుకెళ్ళే ఇళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది: ఇలా 'మార్చే' చికిత్స చేసే డాక్టర్ది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. పాస్టరుకు అలాంటి కట్టడి లేదు.

అమ్మ గుడి సంగతి వేరు అంటారు. ఆషాఢంలో ఉజ్జయిని మహంకాళి జాతరకు సికింద్రాబాద్ అంతా కదులుతుంది. ట్రాన్స్ మహిళలు బోనమెత్తుతారు. ఎల్లమ్మ, మల్లన్న కొలుపుల్లో చీర కట్టి పూనకం ఊగే మగ శివసత్తులకు జనం దండం పెడతారు. దీన్ని చూపించి 'మన సంస్కృతిలో ఎప్పుడూ ఉంది, మనకు సమస్య లేదు' అనేవాళ్ళున్నారు. మేము అంత తేలిగ్గా ఒప్పుకోలేం. దేవత పేరుతో వచ్చే గౌరవం దళిత ఆడవాళ్ళకు ఏం ఇచ్చిందో జోగిని వ్యవస్థలో చూశాం. జాతర రోజు మొక్కారు, మిగతా రోజులు వాడుకున్నారు. ఆ అంకితాన్ని 1988లో చట్టం చేసి నిషేధించాల్సి వచ్చింది. పైగా పూనకంలో ఉన్న ఒంటరి శరీరానికి గుడిలో చోటుంది గానీ, ఇద్దరు కలిసి వచ్చి మేమిద్దరం ఒక ఇల్లు అంటే ఆ చోటు ఉండదు. జెండర్ దాటడం ఒకటి, ఒకే జెండర్ మనిషిని ప్రేమించడం ఇంకొకటి. మొదటిదానికి ఉన్న కాస్త చోటు చూపించి రెండోదాని నోరు మూయించకూడదు.

ఇక కాగితాల దగ్గరికి వద్దాం. పేరు పెట్టని ఒప్పుకోలు అక్కడే ఆగిపోతుంది.

2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించింది. ఆ కేసు మొదటి పిటిషనర్లు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్ జంటే. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు. పెళ్ళి అనగానే మండపం, ఫొటోలు గుర్తొస్తాయి గానీ చిలకలగూడలో దాని అర్థం వేరు. రైల్వే పాస్‌లో ఎవరి పేరు ఉంటుంది? భార్య లేదా భర్త, పిల్లలు, షరతులకు లోబడి మరికొందరు బంధువులు. ఇరవై ఏళ్ళు కలిసున్న తోడు ఆ జాబితాలో లేరు. ఫ్యామిలీ పెన్షన్ లేదు. ఉద్యోగి చనిపోతే క్వార్టర్‌లో నిలబడే హక్కూ లేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ మన చట్టమే. 2015 సవరణతో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో 'ఆధారపడినవాళ్ళు' అన్న నిర్వచనం చేరింది: బాధితుడి మీద ఆధారపడిన జీవిత భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. కులం పేరుతో ఒక దళితుణ్ణి చంపితే అతనితో బతికిన మగ తోడుకు ఆ సాయంలో వాటా ఉందని ఈ మాటల్లో ఎక్కడా లేదు. దళిత సంఘాలు సవరణలు అడిగే జాబితాలో ఇదీ ఉండాలని మా అభిప్రాయం.

కొంత కదిలింది. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థిక సేవల విభాగం ఇద్దరూ జాయింట్ ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా రాసుకోవడానికి అడ్డేమీ లేదని స్పష్టం చేసింది. రేషన్ కార్డు విషయంలో ఇద్దరినీ ఒకే ఇంటివాళ్ళుగా చూడమని రాష్ట్రాలకు కేంద్రం లేఖ రాసింది. ఆరోగ్య శాఖ లేఖ ప్రకారం దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు తోడు శవాన్ని తీసుకోవచ్చు. చిలకలగూడకు దగ్గర్లోనే గాంధీ ఆసుపత్రి. ఆ మార్చురీ ముందు 'అందుబాటులో లేనప్పుడు' అన్న మాట ఎంత బరువో ఆలోచించండి. ఇరవై ఏళ్ళు పలకరించని అన్న ఆటో దిగితే చాలు, తోడు పక్కకు తప్పుకోవాలి.

బతికుండగా చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కింద వయోజనులెవరైనా తమకు నచ్చిన మనిషిని, బంధువు కాకపోయినా, నామినేటెడ్ ప్రతినిధిగా రాసిపెట్టుకోవచ్చు. బ్యాంకు నామినీ డబ్బు తీసుకోగలరు గానీ వారసులు కారు. అందుకు వీలునామా కావాలి. ఇంట్లోవాళ్ళు బంధిస్తే హెబియస్ కార్పస్ ఉంది. 2024 మార్చిలో సుప్రీంకోర్టు, ఇలాంటి కేసుల్లో జడ్జీలు కౌన్సెలింగ్ పేరుతో మనిషి మనసు మార్చే పని చేయొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి నిర్బంధంలో ఉన్న ఒక యువతిని తను ప్రేమించిన స్త్రీతో వెళ్ళనిచ్చింది. 2025 మేలో మద్రాసు హైకోర్టు కుటుంబానికి పెళ్ళి ఒక్కటే దారి కాదంది.

సమాధి స్థలం గురించి మాత్రం ఏ లేఖలోనూ లేదు. చర్చి రిజిస్టరులో పేరున్న మనిషి పక్కన, పేరు లేని తోడుకు ఆరడుగుల నేల ఇవ్వాలా వద్దా అన్నది పాస్టరేట్ కమిటీ చేతిలో ఉంది. ఆ కమిటీల్లో కూర్చున్నది మన మామయ్యలు, పెదనాన్నలే.