అంచనాను మించిన షరతు: బ్రిటన్ ప్రవేశాల్లో రెండో ఎంపికే కీలకం

బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశాలు ప్రధానంగా ‘యూకాస్’ అనే ఉమ్మడి సంస్థ ద్వారా జరుగుతాయి. ఒక విద్యార్థి గరిష్ఠంగా ఐదు కోర్సులకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఏ-లెవెల్ పరీక్షలకు ఎంతో ముందే ఈ ప్రక్రియ మొదలవుతుంది. అందువల్ల ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడ్లను పరిశీలించి విశ్వవిద్యాలయాలు షరతులతో సీటు ఇవ్వజూపుతాయి. ఆగస్టులో వెలువడే ఫలితాలతోనే ప్రవేశం ఖరారవుతుంది.

కోరిన గ్రేడ్లు అంచనాను మించినప్పుడే చిక్కు ఎదురవుతుంది. ఉదాహరణకు, ఒక విద్యార్థికి ఏ, ఏ, బీ వస్తాయని అంచనా. ఒక విశ్వవిద్యాలయం ఏ-స్టార్, ఏ, ఏ కోరింది. మరొకటి మూడు ఏ గ్రేడ్లు, ఇంకొకటి ఏ, బీ, బీ చాలన్నాయి. విద్యార్థి వీటిలో రెండింటిని మాత్రమే నిలుపుకోగలడు. మొదటి ప్రాధాన్యాన్ని ‘ఫర్మ్’ అని, ప్రత్యామ్నాయాన్ని ‘ఇన్సూరెన్స్’ అని వ్యవహరిస్తారు. గడువులోగా సమాధానం ఇవ్వకుంటే అన్నింటినీ తిరస్కరించినట్లే పరిగణిస్తారు.

ఫర్మ్ విషయంలో కొంత సాహసించవచ్చు. సీట్లు మిగిలితే, స్వల్పంగా గ్రేడ్లు తగ్గిన వారినీ విశ్వవిద్యాలయం తన విచక్షణ మేరకు చేర్చుకోవచ్చు. అయితే దానికి హామీ లేదు. ఫర్మ్ షరతు నెరవేరితే ఇన్సూరెన్స్ రద్దవుతుంది. ఫలితాల రోజున రెండింటిలో ఒకటి ఎంచుకునే వీలుండదు కనుక, ప్రాధాన్యక్రమాన్ని ముందే నిర్ణయించుకోవాలి.

ఇన్సూరెన్స్‌లో సాహసం తగదు. పై విద్యార్థి మూడు ఏ గ్రేడ్లు కోరిన కోర్సును ప్రత్యామ్నాయంగా ఉంచుకుంటే, అంచనా ప్రకారమే ఫలితం వచ్చినా రెండు సీట్లూ చేజారవచ్చు. అంచనాకన్నా ఒక మెట్టు తక్కువ కోరిన ఏ, బీ, బీ సీటే నిజమైన రక్షణ. అయితే ఫర్మ్ తప్పి ఇన్సూరెన్స్ నెరవేరితే ఆ సీటే ఖరారవుతుంది. చదవడానికి మనసొప్పని కోర్సును అక్కడ ఉంచరాదు. ఇన్సూరెన్స్ ఎంపిక తప్పనిసరి కూడా కాదు. రెండూ దక్కనివారు ‘క్లియరింగ్’ విధానంలో మిగిలిన సీట్లకు ప్రయత్నించవచ్చు.

హైదరాబాద్ అంతర్జాతీయ పాఠశాలల్లో ఏ-లెవెల్ చదివి బ్రిటన్ వెళ్లగోరేవారికీ ఇదే విధానం వర్తిస్తుంది. తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ ఫలితాలు సాధారణంగా వేసవిలోనే వెలువడతాయి. ఆ విద్యార్థులు గడువుకు ముందే మార్కులు అందితే, అంచనాతో కాక వాస్తవ మార్కులతో షరతులను పోల్చుకోవచ్చు. ఎవరికైనా వీసాకు అవసరమైన ధ్రువీకరణ షరతులన్నీ నెరవేరాకే అందుతుంది. కనుక రెండు విశ్వవిద్యాలయాల ఫీజులు, నివాస వ్యయాలను ముందుగానే లెక్క చూసుకోవడం అవసరం.