డిఫాల్ట్ ఎవరిది?

కొత్త ఫోన్లో మనం వేలు పెట్టకపోతే దానంతటదే మోగేది డిఫాల్ట్ రింగ్‌టోన్. బ్యాంకు వాయిదాలు ఎగ్గొట్టినవాడు డిఫాల్టర్. తెలుగు పాఠకుడికి ఈ మాట ఈ రెండు దారుల్లోనే పరిచయం. అందుకే పేపర్లో ‘డిఫాల్ట్ బెయిల్’ అని కనపడగానే కొందరు అడక్కుండానే వచ్చే బెయిలనుకుంటారు. మరికొందరు నిందితుడే ఏదో ఎగ్గొట్టాడనుకుంటారు. రెండూ తప్పే.

ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటకు మొదటి అర్థం లోటు, చేయాల్సింది చేయకపోవడం. ఇక్కడ ఆ లోటు దర్యాప్తు చేసేవారిది. మరణశిక్షో, యావజ్జీవమో, పదేళ్లకు తక్కువ కాని శిక్షో పడే నేరాలకు 90 రోజులు, మిగతావాటికి 60 రోజులు. ఆలోగా ఛార్జిషీటు పడకపోతే, పూచీకత్తు ఇవ్వడానికి సిద్ధపడ్డ నిందితుణ్ణి విడిచిపెట్టాల్సిందే. పాత సీఆర్‌పీసీలో ఇది 167(2). 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 187(3). ఉగ్రవాద నిరోధక చట్టం ఉపా కింద పెట్టిన కేసుల్లో కోర్టు అనుమతిస్తే గడువు 180 రోజుల దాకా సాగుతుంది.

ఈ గడువు ఊరికే పుట్టలేదు. 1898 నాటి చట్టం దర్యాప్తు దశలో పదిహేను రోజులకు మించి కస్టడీ ఒప్పుకోలేదు. పదిహేను రోజుల్లో తేలని కేసుల్లో పోలీసులు అరకొర నివేదిక ఒకటి కోర్టులో పడేసి, వేరే సెక్షన్ కింద రిమాండు పొడిగించుకునేవారు. ఆ దొడ్డిదారి మూయడానికే 1973 కోడ్ అరవై రోజుల హద్దు పెట్టింది. పెద్ద నేరాలకు తొంభై చేసింది 1978 సవరణ.

హద్దు దాటితే తలుపు తెరుచుకుంటుందా? లేదు, తట్టాలి. చెన్నైలో రెవెన్యూ నిఘా విభాగం డీఆర్‌ఐ పెట్టిన మాదకద్రవ్యాల కేసు చూడండి. అక్కడ గడువు 180 రోజులు. 181వ రోజు, 2019 ఫిబ్రవరి 1 ఉదయం పదిన్నరకు నిందితుడు దరఖాస్తు పెట్టుకున్నాడు. దాని మీద వాదనలు నడుస్తుండగానే, సాయంత్రం 4.25కు అధికారులు ఛార్జిషీటులా పనికొచ్చే అదనపు ఫిర్యాదు తెచ్చి దాఖలు చేశారు. ముందు అడిగినవాడి హక్కు తర్వాత వచ్చిన కాగితంతో పోదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. అదే అధికారులు ముందు వచ్చి ఉంటే? హక్కు అక్కడితో సరి. ప్రాథమిక హక్కులో భాగమని అదే కోర్టు చెప్పిన దాన్ని గంటల పందెంగా మిగల్చడం నాకు మింగుడుపడదు.

ఉపా కింద పెట్టిన భీమా కోరేగావ్ కేసులో ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గడువు పొడిగించిన పుణె కోర్టుకు ఆ అధికారమే లేదని 2021 డిసెంబరు 1న బొంబాయి హైకోర్టు అంది. ఛార్జిషీటుకు ముందే అడిగి ఉన్న సుధా భరద్వాజ్‌కు బెయిలిచ్చింది. మన వరవరరావుతో సహా ఎనిమిది మందికి మాత్రం, వేళకు అడగలేదని, నిరాకరించింది.

వచ్చిన బెయిలు నిలుస్తుందన్న భరోసా కూడా పూర్తిగా లేదు. వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసులో ఒక నిందితుడికి 2019లో దొరికింది ఈ బెయిలే. ఛార్జిషీటులో బలమైన ఆధారాలు కనబడితే దాన్ని రద్దు చేయొచ్చని 2023 జనవరిలో సుప్రీంకోర్టు అంది. ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు రద్దు చేసింది.

ఇక బెయిలు సంగతి. ఆ మాటను వెనక్కి తవ్వుకుంటూ పోతే బరువులు మోసే కూలికి లాటిన్లో ఉన్న పేరు తగులుతుంది. మన జామీను అరబ్బీది, పూచీపడేవాడని అర్థం. రెండు మాటల్లోనూ జైల్లో ఉన్నవాడికి బయట ఎవరో ఒకరున్నారు. ఎవరూ లేనివాడు గడువు దాటినా లోపలే ఉంటాడు. పూచీకత్తు ఇచ్చేదాకా నిర్బంధంలోనే ఉంచాలని చట్టంలోనే రాసిపెట్టారు మరి.

తెలుగులో దీన్ని ఏమనాలి? ‘చట్టబద్ధ బెయిల్’ అని రాస్తున్నారు, చట్టబద్ధం కాని బెయిలు ఎక్కడైనా ఉందా! ‘తప్పనిసరి బెయిల్’ కాస్త నయం, కానీ అడగక తప్పదన్న సంగతి అందులో మరుగునపడుతుంది. నా ఓటు ‘గడువు బెయిలు’కు. గడుచు, గడపు, గడువు, అన్నీ ఒక్క ఇంటి మాటలు. గడువు తీరిందంటే ఇక అడగాల్సిన వేళ అయిందని పల్లెలో అప్పిచ్చినవాడికీ తెలుసు, తీసుకున్నవాడికీ తెలుసు. లోటు ఎవరిదో కూడా ఆ మాటే చెబుతుంది. ఆ గడువు పోలీసులకిచ్చింది.

మీవాళ్లెవరైనా రిమాండులో ఉంటే లెక్క అరెస్టు తేదీ నుంచి కట్టకండి. మేజిస్ట్రేటు రిమాండుకు పంపిన రోజు నుంచి అని, ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజునూ కలిపి లెక్కించాలని 2023లో స్పష్టం చేసింది. 61వ రోజో 91వ రోజో, కోర్టు తెరిచే వేళకు వకీలును పంపండి. రాతపూర్వకంగానే అక్కర్లేదు, నోటితో అడిగినా చెల్లుతుందని 2017లో అస్సాం కేసులో తీర్పుంది. అయినా కాగితం మీదే పెట్టించి, అందిన టైము వేయించుకోండి.