రెండు కుంచాలు

మా మేనకోడలు కంప్యూటర్లో కొట్టు నడుపుతోంది. రెసెటీర్ అని జపాన్ వాళ్ళ ఆట. అక్కడ 2007లో వచ్చింది, 2010లో ఇంగ్లీషులోకి దిగింది. తండ్రి చేసిన అప్పు నెత్తిన పడిన చిన్నపిల్ల, ఉన్న ఇంట్లోనే కొట్టు తెరుస్తుంది. వీరులు గుహల్లో దూరి తెచ్చిన కత్తులు, మందులు అమ్మి 8,20,000 పిక్సులు తీర్చాలి. ధర మరీ ఎక్కువ చెబితే వచ్చినవాడు వెళ్ళిపోతాడు.

"మావయ్యా, ఈడు ఎల్లిపోనాడు!" అంది గుంట దిగులుగా.

నాకు మా తాత గుర్తొచ్చాడు. పాలకొండ నుంచి కావిడి కట్టుకుని సీతంపేట సంతకి ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు, గుడ్డలు మోసేవాడు. కొండల్లోని గిరిజనులు, సవరలు, జాతాపులు చింతపండు, పిప్పళ్ళు, కొండచీపుర్లు, అడ్డాకులు దించేవారు. వాళ్ళు దూరింది కూడా గుహలాంటి అడవిలోకే. అయితే తాత దగ్గరికి వచ్చినవాడు బేరం కుదరలేదని వెళ్ళిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

కారణం తాత ఒళ్ళో ఉండే ఖాతా పుస్తకం. వానాకాలం ఇంట్లో గింజ నిండుకున్నప్పుడు షావుకారు చోళ్ళు అప్పిచ్చేవాడు. పంట రాగానే వడ్డీ గింజలతో కలిపి కొలిచి తీసుకునేవాడు. చాలకపోతే చింతపండు. అదీ చాలకపోతే భూమి. భూమీ పోయినవాడు అదే షావుకారు ఇంట కంబారిగా, అంటే పాలేరుగా, చేరేవాడు. ఆటలో అప్పు కొట్టుదారుది, అందుకే ఎదుటివాడికి బేరమాడే గొంతు ఉంది. మన మన్యంలో అప్పు అడవికి వెళ్ళినవాడిది.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది. అడవి సరుకు కొనడం, డిపోల్లో ఉప్పూ పప్పూ అమ్మడం దాని పని. 1959లో భూమి బదలాయింపుపై రెగ్యులేషన్, 1960లో వడ్డీ వ్యాపారులపై మరొకటి వచ్చాయి. కాగితం కొండెక్కడానికి చాలా కాలం పట్టింది. ఈలోగా వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్ళు గిరిజన సంఘం కట్టారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకి వెళ్తున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర కాల్పులు జరిగి కోరన్న, మంగన్న చనిపోయారు. తర్వాత ఉద్యమం ఆయుధం పట్టింది. 1970లో ఆ భూమి రెగ్యులేషనే గట్టిపడి 1/70 చట్టం అయింది. అదే ఏడు జూలైలో ఆ పంతుళ్ళిద్దరూ పోలీసుల చేతిలో చనిపోయారు. పదకొండేళ్ళ ముందు చట్టం అన్న మాటని చట్టంగా నిలబెట్టడానికి ఇన్ని ప్రాణాలు కావలసివచ్చాయి. అది నన్నింకా బాధపెడుతుంది.

మా తాత పెద్ద షావుకారేం కాదు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టేవాడు. అయినా ఆయన చేసింది తప్పే. ఆయన కుంచాలు రెండూ మా అటక మీదే ఉన్నాయి. ఒకటి కొనేది, ఒకటి అమ్మేది.

మొన్న వాటిని దించి మేనకోడలికి చూపించాను. కొనే కుంచం నిండా చోళ్ళు కొలిచి, అమ్మే కుంచంలోకి వంచమన్నాను. అది నిండిపోయి, మిగిలినవి గచ్చు మీద పడ్డాయి. పిల్ల వాటిని ఊడ్చి తవ్వతో కొలిచింది. తవ్వ నిండింది.